ఐవీఎఫ్ ఇంజెక్షన్ తర్వాత ఆయాసమా? గ్యాస్ అనుకోవద్దు

నెల్లూరులోనో చెన్నైలోనో ఐవీఎఫ్ చికిత్స. అండాలు తీయించుకున్న సాయంత్రానికే ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు సొంతూరికి తిరుగు ప్రయాణం. మూడు నాలుగు రోజులకు పొట్ట ఉబ్బుతుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకుంటారు. అలా ఆగడమే ప్రమాదం.

అసలేం జరుగుతుంది?

ఎక్కువ అండాలు పెరగడానికి రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. అండాలు తీయడానికి సుమారు 36 గంటల ముందు 'ట్రిగ్గర్' ఇంజెక్షన్ చేస్తారు. ఇది హెచ్‌సీజీ అయితే కొందరిలో అండాశయాలు అతిగా స్పందిస్తాయి. సన్నని రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరుతుంది. పొట్టలో చేరిన నీరు ఊపిరితిత్తులను కింది నుంచి పైకి నొక్కుతుంది. ఒక్కోసారి వాటి చుట్టూ కూడా నీరు చేరుతుంది. దీన్నే ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటారు. చాలామందిలో తేలిగ్గానే తగ్గిపోతుంది. తీవ్రమైతే మాత్రం రక్తం చిక్కబడి గడ్డకడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది.

ట్రిగ్గర్ తర్వాత వారం పది రోజుల్లోపు ఒక ముప్పు. గర్భం నిలిస్తే, శరీరంలో తయారయ్యే హెచ్‌సీజీ వల్ల పది రోజులు దాటాక మరో ముప్పు. మొదటి వారం బాగానే గడిచిందని ధీమా పడకూడదు.

పీసీఓఎస్ ఉన్నవారు, చిన్న వయసువారు, ఏఎంహెచ్ ఎక్కువగా ఉన్నవారు చికిత్సకు ముందే ఈ విషయం డాక్టర్‌ను అడగాలి. హెచ్‌సీజీకి బదులు ల్యూప్రోలైడ్ వంటి మందుతో ట్రిగ్గర్ ఇవ్వడం, పిండాలను ఫ్రీజ్ చేసి తర్వాతి నెలల్లో ప్రవేశపెట్టడం వంటి దారులున్నాయి.

ఇంట్లో ఏం గమనించాలి?

రోజూ ఉదయం ఒకే మిషన్ మీద బరువు చూసుకోండి. ఒక్కరోజులో కిలో పెరిగినా, మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా వెంటనే క్లినిక్‌కు ఫోన్ చేయాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక కాలు వాపు ఉంటే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లాలి.

క్యాజువాలిటీలో మొదటి మాటగా "ఐవీఎఫ్ చేయించుకుంటున్నాను, ఫలానా తేదీన ట్రిగ్గర్ ఇచ్చారు" అని చెప్పండి. ఇది చెప్పకపోతే ఉబ్బసమనో గ్యాస్ నొప్పి అనో పొరబడే వీలుంది. చికిత్స కాగితాలు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవడం ఇక్కడే పనికొస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నీరు తగ్గడానికి లాసిక్స్, నొప్పికి డైక్లోఫెనాక్ తీసుకోవద్దు. మొదటిది రక్తాన్ని మరింత చిక్కబరుస్తుంది, రెండోది కిడ్నీలపై భారం వేస్తుంది. అవసరమైతే ఆస్పత్రిలో స్కానింగ్ చూస్తూ సూదితో నీరు తీస్తారు, గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు.

చట్టం ఏం చెబుతోంది?

2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న ఏఆర్‌టీ చట్టం ప్రకారం క్లినిక్‌కు రిజిస్ట్రేషన్, ఫిర్యాదుల విభాగం తప్పనిసరి. రాతపూర్వక సమ్మతి లేకుండా చికిత్స చేయకూడదు. సంతకం పెట్టే ముందు అందులో ఓహెచ్‌ఎస్‌ఎస్ గురించి ఏం రాశారో చదవండి. అండదాతలకూ ఇవే ఇంజెక్షన్లు కాబట్టి తొలి వారం ముప్పు వారికీ ఉంటుంది. వారికి 12 నెలల బీమా చేయించాల్సింది అండం తీసుకునే దంపతులే.