బుస్సీ వచ్చిన త్రోవ

మా ఓర్వకల్లు పేరు తుదినున్న కల్లు త్రాగెడి కల్లు గాదు, రాయి. కర్నూలు నుండి నంద్యాలకు పోవు మార్గమున, మా గ్రామ సమీపమున, ఎవరో దొంతరలుగా పేర్చి మరచిపోయినట్లు నిలిచియున్న శిలాసముదాయమును ఈ కాలమువారు రాక్ గార్డెన్ అని పిలిచి, టికెట్టు పెట్టి, చూడవచ్చువారిచేత ఫోటోలు తీయించుచున్నారు గాని, నా బాల్యమున అది మేకలు మేయు తావు. అట్టి రాతినేలవాడనైన నేను ముగ్గురు మిత్రులతో గూడి ఫ్రెంచివారి కడలిపట్టణమగు పాండిచేరిని చూడబోవుటకు వినోదముకంటె వేరొక కారణము గలదు. ఆ పట్టణమువారు 1751లోనే, పిలువని పేరంటమునకు వచ్చినట్లు, మా సీమకు వచ్చిపోయిరి. బదులు చూపు మేమే ఆలస్యము చేసితిమి.

వారి రాకకు హేతువు మావారి కుట్రయే. 1750 డిసెంబరులో చెంజి సమీపమున నిజాము నాసిర్ జంగు హతుడగుటకు కర్నూలు, కడప, సావనూరు పఠాను నవాబులు ఫ్రెంచివారితో చేతులు కలిపిరి. ఫ్రెంచి గవర్నరు డూప్లే ఆ వెంటనే నాసిర్ జంగు మేనల్లుడగు ముజఫర్ జంగును పాండిచేరిలో గద్దెనెక్కించి, సుమారు 300 మంది ఫ్రెంచి సైనికులను 2000 మంది సిపాయీలను సేనాని బుస్సీ వెంట నిచ్చి హైదరాబాదునకు సాగనంపెను. కుట్రలో కలిసినవారు పంపకములో కలియుట లోకమున నరుదు గదా! రాయచోటి ప్రాంతమున లక్కిరెడ్డిపల్లె కడ, 1751 ఫిబ్రవరిలో, నవాబులు తిరుగబడగా, ముజఫర్ జంగును కర్నూలు నవాబును ఒకే దినమున ఒకే పోరున కూలిరి. బుస్సీ తడవు చేయక సలాబత్ జంగును నిజాముగా నిలిపి, త్రోవలోనున్న కందనవోలిపై, అనగా మా కర్నూలుపై, పడి, మార్చిలో కోట పట్టి, ఊరు దోపించెను. ద్రోహము చేసిన నవాబు అప్పటికే మన్నయ్యెను; దెబ్బ తిన్నది ఊరు. బుస్సీ యనగనే తెలుగువారికి 1757 నాటి బొబ్బిలి స్ఫురించును, కందనవోలు స్ఫురింపదు. బొబ్బిలికి బుర్రకథ దక్కినది, మాకు చరిత్రపుస్తకములలో రెండు పంక్తులు దక్కినవి. ఈ లెక్కలో నాకు కొంత అసూయ గలదని యొప్పుకొనెదను.

మా యింటిముందు సాగు 40వ నంబరు జాతీయరహదారియే నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడపలను దాటి రాయచోటి మీదుగా దక్షిణమునకు పోవుచున్నందున, బుస్సీ వచ్చిన దిక్కునకే మేము ఎదురు నడచితిమి. గువ్వలచెరువు కడ కారాపి, వేడి చల్లారని పాలకోవాను కాగితముపైననే తిని, వ్రేళ్లు నాకుకొనుచు, ఈ కనుమల సీమలో ఫిరంగులను లాగిన యెద్దులు ఎన్ని కూలెనో యని మాటలాడుకొంటిమి. బేతంచెర్ల నాపబండల వ్యాపారము చేయు మిత్రుడు మాత్రము ఆ మాటలు విడిచి, దారి పొడవునను కొండ కనబడినప్పుడెల్ల దాని రాతి ధర చెప్పుచు వచ్చెను.

పాండిచేరి చేరినది సాయంకాలము. కాలువకు ఈవల తమిళుల అరుగుల యిండ్లు. ఆవల పసుపుపచ్చ సున్నపు గోడలు, వాటిపై ఎర్రని కాగితపుపూల తీగెలు, కూడలిలో ఎర్రటోపీ పోలీసు. గీత గీసినట్లున్న ఆ వీధుల తీరునకు పదునేడవ శతాబ్దపు డచ్చివారే మూలమట. నేను మొదట అడిగినది డూప్లే కోట. భారతి పార్కునకు పొమ్మనిరి. పోయి చూడగా చెట్లు, బెంచీలు, మూడవ నెపోలియను నాటి తెల్లని ఆయి మండపము, దాని నీడను నిదురించుచున్న ఒక కుక్క! 1761 జనవరిలో ఆంగ్లేయులు పట్టణమును పట్టి, కోటను నేలమట్టము చేసిరి. మా కర్నూలులో కొండారెడ్డి బురుజు నేటికిని నడిబజారున నిలిచి, ఆటోలకు గుర్తుగా నుపయోగపడుచున్నది; దానిపైకి దండెత్తివచ్చినవారి కోటకు రాయి మిగులలేదు. ఆ క్షణమున నాకు కలిగిన సంతోషము చరిత్రకారునికి తగినది గాదు.

మరునాడు ఆనందరంగపిళ్ళె భవనమును చూచితిమి. డూప్లే దుబాసియైన ఆయన 1736 నుండి తమిళమున వ్రాసిన దినచర్య జగద్విఖ్యాతము. తెలుగున కస్తూరి రంగకవి ఛందోగ్రంథమును ఆనందరంగరాట్ఛందమను పేర వెలయించుటయు ఈయన ఔదార్యమునకే సాక్ష్యము. కోట పట్టణమునకు రక్షణ కాలేదు గాని, పద్యము ఆయన పేరునకు రక్షణయైనది. బుస్సీయు 1785లో ఈ పట్టణముననే కన్నుమూసెను. ఆయన పేరి వీధికి ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి పేరున్నను, ఆటోవానికి మాత్రము బుస్సీ వీధియనినచో చాలును. ఫ్రెంచివారు పాలన నప్పగించి తొలగిన 1954 నవంబరు 1 నాటికి మా కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని. దాడి చేయించిన రాజధాని చేతులు మారు నాటికి, దాడికి గురియైన ఊరు రాజధానియై యుండెను.

చివరి సాయంకాలము వాహనములు నిలిపివేసిన తీరపు బాటన నడచితిమి. ఇసుక నాశించిన మాకు ఎదురైనవి అలల నడ్డుటకు పోసిన పెద్ద పెద్ద నల్లరాళ్లు. దానికి రాక్ బీచ్ అని పేరు! రాతితోటవారికి రాతితీరమే ప్రాప్తము. దక్షిణపు కొసను 1870 నాటి డూప్లే విగ్రహము, నడుమ గాంధీజీ విగ్రహము, దాని చుట్టును చెంజి నుండి తెచ్చి నిలిపిన ఎనిమిది ఏకశిలాస్తంభములు. మా నాపబండల మిత్రుడు చెప్పులు విడిచి గద్దెయెక్కి, వ్రేలి కణుపుతో ఒక్కొక్క స్తంభమును తట్టి, చెవి యొగ్గి వినసాగెను.

“ఏం చేస్తాండావప్పా?” యని యడిగితిని.

“మనూర్ని దోసుకపోయిండ్రంటివి గదన్నా. మన రాయేమన్నా ఈడుందేమోనని.”

ఎనిమిదింటిని ముగించి, చేతి దుమ్ము దులుపుకొనుచు దిగివచ్చి, “ఒగటీ మంది గాదులే” యనెను.