పన్నెండడుగుల కథ, అరచేతిలో తెర

ఆన్‌లైన్ షాపుకి ఉంగరం ఫోటో తీయడం తేలికే. తెల్ల కాగితం మీద పెట్టి నొక్కితే పని అయిపోతుంది. మంచం, బీరువా లాంటి వాటితోనే తంటా. వెనక్కి జరగడానికి చోటుండదు, వెలుతురు అంతటా ఒకేలా పడదు, తీరా చూస్తే బీరువా కాస్తా అగ్గిపెట్టెలా ఉంటుంది. మా వైపు ఈ తంటాలో అందరికన్నా ఎక్కువ నష్టపోయేది కాళహస్తి కలంకారీ తెర అని నా అనుమానం.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బందరు వైపు పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో వెదురు కలంతో చేత్తోనే గీస్తారు. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టి, బెల్లంనీళ్ళలో ఇనుము ఊరబెట్టిన నల్లరంగుతో గీతలు గీస్తారు. స్వర్ణముఖిలో ఉతకడం ఆనవాయితీ. పాత తెరల్లో మధ్యన పెద్ద బొమ్మ, చుట్టూ వరసలుగా చిన్న గళ్ళు, ఆ గళ్ళ మీద కథ చెప్పే తెలుగు రాతలు. అంటే అది బొమ్మ మాత్రమే కాదండీ, గోడకి వేలాడే పుస్తకం. గుళ్ళో దగ్గరికెళ్ళి చదువుకునేది.

ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఈ పని దాదాపు మూలబడింది. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చాక మళ్ళీ ఊపిరి పోసుకుంది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. ఈలోగా కొనేవాళ్ళు గుళ్ళ నుంచి నగరాలకి మారారు. చీరలు, దుపట్టాలు పెరిగాయి. తర్వాత కొట్టు ఫోనులోకొచ్చేసింది.

ఇక్కడ మా వృత్తికి అలవాటైన లెక్క ఒకటి వేద్దాం. తెర పొడవు పన్నెండడుగులు, అంటే 144 అంగుళాలు అనుకోండి. ఫోటో వెడల్పు 1000 పిక్సెళ్ళు. అంగుళానికి ఏడు పిక్సెళ్ళు కూడా రావు. అరంగుళం అక్షరానికి దక్కేది మూడో నాలుగో. 'లక్ష్మణ'లో 'క్ష్మ'ని మూడు పిక్సెళ్ళలో రాయండి చూద్దాం! అమెజాన్‌లో మొదటి ఫోటోకి తెల్ల నేపథ్యం ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. ఉంగరానికీ తెరకీ ఒకటే రూలు.

అక్షరాలు పోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆ సైజులో చేతిగీతకీ, దాన్ని చూసి మిషను మీద అచ్చుకొట్టిన నకలుకీ తేడా కూడా కనపడదు. తేడా కనపడనప్పుడు కొనేవాడు చూసేది ధర ఒక్కటే. నెలల తరబడి గీసినవాడు ఆ పోటీలో ఎలా నెగ్గుతాడు?

విచిత్రమేమిటంటే ఈ చిక్కుకి విరుగుడు 1858 నాటిది. మద్రాసు ప్రభుత్వం 1856లో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని ఫోటోగ్రాఫరుగా నియమించింది. తంజావూరు బృహదీశ్వరాలయం పీఠం చుట్టూ తిరిగే శాసనం ఒక్క ఫ్రేములో పట్టేది కాదు. ఆయన దాన్ని ముక్కలుగా తీసి, 21 ప్రింట్లు పక్కపక్కనే అతికించి, సుమారు 19 అడుగుల చుట్ట తయారుచేశాడు. ఎందుకంత శ్రమ? శాసనం చూడ్డానికే కాదు, చదవడానికి కూడా.

మనం చెయ్యాల్సిందీ అదే. కెమెరాని గుడ్డకి సమాంతరంగా జరుపుతూ, ఒకదాని అంచు మీద ఇంకోటి పడేలా తీస్తే కలిపే పని సాఫ్ట్‌వేరు చూసుకుంటుంది. పన్నెండడుగులు ఒకేసారి పట్టాలంటే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 50 ఎం.ఎం. లెన్సుతో దాదాపు 17 అడుగులు వెనక్కి వెళ్ళాలి. అంత గది ఎవరింట్లో ఉంటుంది? ముక్కలుగా తీస్తే ఆ బాధ లేదు. కొలత తెలిసేలా పక్కన ఒక మనిషిని నిలబెట్టిన ఫోటో ఒకటి, కలం గీత సన్నబడి లావయ్యే చోట దగ్గరి ఫోటో ఒకటి చేరిస్తే చాలు.

జూమ్ చేసి చదివే వీలు కల్పించడం షాపు నడిపే ప్రోగ్రామర్లకి పెద్ద పనేం కాదు, మ్యాపులకి ఎప్పుడో చేశాం. రామాయణానికి చెయ్యలేమా?