‘ప’కారము ‘వ’కారమైన కథ

సీసపు అచ్చుల కాలమున ఒకే అక్షరమును పలు పరిమాణములలో వేర్వేరుగా చెక్కెడివారు. చిన్నదానికి గీత కొంత లావుగను, లోని సందు కొంత విశాలముగను ఉంచుట పనివాని నేర్పు.

కంప్యూటరు వచ్చిన పిమ్మట ఒకే రేఖాచిత్రమును గణితముచే పెంచి తగ్గించుట ఆచారమైనది. చిక్కు అక్కడనే పుట్టెను. ట్రూటైపు ఫాంటులో అక్షరపు చతురస్రమును సాధారణముగా 2048 భాగములుగా విభజింతురు. దానిని తెరపై 12 చుక్కల ఎత్తునకు కుదించినచో ఒక్కొక్క చుక్కకు సుమారు 171 భాగములు వచ్చును. అంతకన్న సన్నని సందు పూడిపోవచ్చును. ‘ప’కును దాని తలకట్టునకును నడుమనున్న సందు పూడినచో అది ‘వ’ యగును, పరము వరమగును! ఆంగ్లాక్షరములకును ఈ బాధ కలదు గాని, తలకట్టులు, వత్తులు గల మన లిపికి మరింత హెచ్చు.

1991లో ఆపిల్ సంస్థ వెలువరించిన ట్రూటైపు దీనికొక చికిత్స చూపెను. ఏ గీత ఏ పరిమాణమున ఎన్ని చుక్కలుండవలెనో తెలుపు ఆజ్ఞలను ఫాంటులోనే పొందుపరచిరి. ఫ్రీటైపు అను ఉచిత సాఫ్టువేరుకు వానిని చదువు శక్తి ఉన్నను, ఆపిల్ పేటెంటుల కారణమున ఆ భాగమును మూసియుంచి, గీతలను తానే ఊహించి సర్దు పద్ధతిని నడపిరి. 2010 మే నెలలో పేటెంటుల గడువు తీరెను. ఆ యేడే వెలువడిన 2.4 కూర్పులో తలుపు తెరచిరి. ఆజ్ఞలే వ్రాయబడని ఫాంటునకు మాత్రము దానివలన ఒరిగినదేమియు లేదు.