చూడక కొన్న జీపులు



మన చిత్తూరుమండలపు రైతు ఎద్దును కొనునప్పుడు ఏమి చేయునో మీకు నేను చెప్పనక్కఱలేదు. పండ్లు చూచును, సుడులు చూచును, గిట్ట లెత్తి చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. ఇన్నియు చేసిన పిమ్మట గూడ, తువ్వాలు చాటున వ్రేళ్ళు పట్టి బేరమాడు వేళ ఆతని మనస్సున ఒక సందేహము మిగిలియే యుండును. అట్టి రైతులు ఎక్కడనో ఉత్తరదేశమున నున్న యినుపబండిని, ఒక కాగితమును నమ్మి, కంటితో చూడక కొన్న కథ యొకటి మా ఐరాలలో కలదు. అట్టిదే పెద్దకథ యొకటి మన దేశచరిత్రలో కలదు. చిన్నకథలో తప్పు నాది. కావున దానిని ముందు చెప్పెదను.

1986వ సంవత్సరమున నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనై యుంటిని. ఆశ్వయుజ కార్తిక మాసములలో వానలు పట్టినచో మా ప్రాంతపు బండిబాటలు బురదయై, వంకలు పాఱి, రోగి నొకనిని చిత్తూరు చేర్చుట గగనముగా నుండెడిది. బెల్లము గానుగల వద్దనే నిలిచిపోయెడిది. నాలుగు చక్రములకును యంత్రబలము పాఱెడి జీపొక్కటి యున్నచో ఈ బాధ తీరునని అయిదుగురు రైతులు తలచి, బెల్ల మమ్మిన సొమ్ములో తలా కొంత వేసి యిరువదిరెండువేల రూపాయలు కూర్చిరి. ఉత్తరదేశపు పట్టణ మొకదానినుండి, యుద్ధకాలపు అమెరికా జీపు అమ్మకమునకు కలదను ప్రకటన పత్రికలో వచ్చెను. ఇంగ్లీషున జాబు వ్రాసినవాడను నేను. బదులు వచ్చెను, దానితో బండిని ఇంజనీరు పరీక్షించినట్లు టైపుకొట్టి ముద్ర వేసిన పత్రమును వచ్చెను. దానిని తెలుగున చదివి వినిపించినవాడను నేను.

వారిలో ఒక పెద్దరైతు, "అంతా బాగానే ఉంది గాని అయివారూ, ఒకసారి పోయి చూసొస్తే?" అనెను.

"ముద్రపడిన కాగితముండగా రైలుఖర్చు దండుగ గదా, పెద్దాయనా!" అని నేనంటిని. ఆయన మఱి మాటాడలేదు. చదువుకొన్నవానికి ఎదురు చెప్పరాదని కాబోలు.

సొమ్ము బ్యాంకుడ్రాఫ్టుగా పోయెను. బండి లారీపై వచ్చెను. చూడ ముచ్చటగా నుండెను; క్రొత్తరంగు పూసియుండిరి. మొదటివానకు బాహుదాయేటి యిసుకలో దిగినప్పుడు వెనుకచక్రములు ఊరక తిరిగి గుంత త్రవ్వసాగెను. నాలుగు చక్రములకు బలము నిచ్చు చిన్న గేరుకడ్డీని లాగిరి. అది వచ్చెను గాని బండి కదలలేదు. చిత్తూరునుండి వచ్చిన మెకానిక్కు క్రిందికి దూఱి చూచి నవ్వుచు బయటికి వచ్చెను. ముందు ఇరుసునకు బలము కొనిపోవు ప్రొపెల్లరు షాఫ్టు అసలే లేదు! ఎవరో ఎప్పుడో విప్పి తీసిరి. చక్రములు మాత్రము లెక్కకు నాలుగే. చూచి రావలెనన్న ఆ పెద్దరైతే తన ఎద్దులను తోలుకొని వచ్చి బండిని గట్టునకు లాగించెను. నన్నొక్క మాటయు ననలేదు. అనియున్నచో నాకు కొంత సుఖముగా నుండెడిది. అమ్మినవానికి వ్రాసిన మూడు జాబులకును బదులు రాలేదు.

ఆ సిగ్గుచేతనే ఈ బండిచరిత్రను నేను వెదకి చదువ నారంభించితిని.

జీపు రెండవ ప్రపంచయుద్ధపు బిడ్డ. 1940లో అమెరికా సైన్యము, తేలికగా నుండి గుట్టలు, ఇసుక, బురద లెక్కచేయక పోగల చిన్నబండి కావలెనని కోరగా, బాంటమ్ అను చిన్నకంపెనీ ఆ సెప్టెంబరునకే నమూనా చేసి చూపెను. ఆ కంపెనీకి శక్తి చాలమిచేత పెద్దపని విల్లీసు, ఫోర్డు కంపెనీలకు పోయెను. యుద్ధము ముగియునప్పటికి ఆఱు లక్షలకు మించి జీపులు తయారయ్యెను. నాలుగు సిలిండర్ల యంత్రము, అఱువది గుఱ్ఱముల బలము, ఎడమప్రక్క స్టీరింగు. ఇది దాని స్వరూపము. జీపను పేరునకు వ్యుత్పత్తి నేటికిని తేలలేదు. జీ, పీ అను రెండక్షరములు కలిసిన దనువారు కొందఱు. బొమ్మకథలలోని యొక వింతజంతువు పేరనువారు మఱికొందఱు. వ్యాకరణము చదివిన నాకు రెండును ఒప్పుగా తోచలేదు గాని, లోకమున రూఢియైన పదమునకు మనమేమి చేయగలము!

బర్మాచైనాలలో జపానుతో పోరుటకై అమెరికాసేనలు మనదేశమున విడిసినప్పుడు ఈ బండ్లు వేలకొలది యిచ్చటికి వచ్చినవి. యుద్ధానంతరము, 1946లో, అమెరికా తన మిగులుసామగ్రిని భారతప్రభుత్వమున కొప్పగించి పోయెను. డిస్పోజల్సు అను పేర వేలమునకు వచ్చిన బండ్లను కొన్నవారు డిపోలకు పోయి, చుట్టు తిరిగి, మూత లెత్తి చూచి పాడుకొనగలిగిరి. పాతబండి యనగా చెడ్డబండి యని కాదు. ఇది మనసున నుంచుకొనుడు. పెద్దకథలో కీలు ఇదియే.

1947 అక్టోబరున కాశ్మీరముపై దాడి జరిగెను. మన సైన్యము విమానములలో శ్రీనగరమున దిగెను గాని, ఆ కొండబాటలలో, బనిహాలు కనుమ యావల, మంచులో కదలుటకు బండ్లు చాలవు. దేశవిభజనతో సైనికసామగ్రియు పంపకమైపోయెను. ఇటు నైజాము రాజ్యమున పరిస్థితి దినదినము చెడుచుండెను. 1948 సెప్టెంబరున అచ్చటికిని సేనలు నడువవలసి వచ్చెను. జీపులు కావలెను, వెంటనే కావలెను. ఆ యక్కఱ నిజము. దీనిని మఱచి ఈ కథ చెప్పువారు న్యాయము చేయరు.

ఆ కాలమున లండనులో భారత హైకమిషనరుగా నున్నవారు వి. కె. కృష్ణమేనోనుగారు. ఆయన 1948లో, వాడుకకు తీసి మరమ్మతు చేసిన 2,000 సైనిక జీపులను కొనుటకు ఆంటి-మిస్టాంటెస్ అను ఒక సంస్థతో ఒడంబడిక చేసికొనిరి. జీపునకు వెల 300 పౌండ్లు. బడిపంతులను గనుక లెక్క వేసి చూచితిని. నాడు పౌనునకు పదుమూడు రూపాయల అయిదణాల నాలుగు పైసలు. అనగా జీపొక్కటికి నాలుగువేల రూపాయలు. మొత్తము ఎనుబది లక్షలు. ఇక ఆ సంస్థ మూలధన మెంతయనగా, 605 పౌండ్లు! రెండు జీపుల వెల యన్నమాట. రెండు ఎద్దుల వెల చేతనున్నవాడు రెండువేల ఎద్దులను తోలుకొని వచ్చెదనని మనతో అన్నచో, మన మేమందుము? వెల చెల్లింపు విధ మిది: పరీక్షాపత్రము చూపినంతనే నూటికి 65 వంతులు, బండ్లు ముట్టినప్పుడు 20, మిగిలినవి నెల గడచిన పిమ్మట. సొమ్ములో పెద్దభాగము, ఆ బండ్లు మన నేలను త్రొక్కక మునుపే, కాగితముపై కదలిపోవునట్టి యేర్పాటు.

1949లో జీపులు మదరాసు రేవున దిగినవి. నాడు మన చిత్తూరు జిల్లా మదరాసు రాష్ట్రములోనిదే గనుక, మన రాజధాని రేవుననే అని చెప్పవచ్చును. రెండువేలకు బదులు దిగినవి 155. సైన్యమువారు వానిని పరీక్షించి, పనికిరావని తేల్చిరి. అప్పటికి కాశ్మీరమున కాల్పు లాగియే యుండెను. 1949 జనవరి 1వ తేదినుండి అచ్చట యుద్ధవిరామము. అక్కఱ తీరినపిమ్మట వచ్చిన బండ్లు, అవియు నడువని బండ్లు! తరువాత మేనోనుగారు మఱియొక సంస్థతో 1,007 జీపులకు, ఒక్కొక్కటి 450 పౌండ్లకు మించిన వెలకు, రెండవ ఒడంబడిక చేసికొనిరి. పోయిన దానిని గూడ ఇందులో పూడ్చవలెనని తలంపు. రెండేండ్లలో వచ్చినవి 49. మునిగినదానిని తేల్చుటకు మఱికొంత ముంచుట మనలోను లేకపోలేదు.

నేను తర్కము చదివిన గురువులు ప్రమాణములను చెప్పుచు, ప్రత్యక్షము మొదటిది, శబ్దము కడపటిది యని వరుస చెప్పెడివారు. శబ్దము ప్రమాణము కావలెనన్న పలికినవాడు ఆప్తుడు కావలెను. ఆప్తుడనగా ఉన్నదానిని ఉన్నట్లు చెప్పువాడు. దూరపు బేరమున మనకు ప్రత్యక్షము లేదు, శబ్దమే శరణ్యము. అందుచేత అడుగవలసిన ప్రశ్న బండి యెట్లున్నదని కాదు; ఈ కాగితము వ్రాసినవాడెవ్వడు, ఎవని కూలి తినువాడు, అని. ఈ వరుసను కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసినవాడనే నేను 1986లో అమ్మువాడు పంపిన పత్రమును ఆప్తవాక్యముగా చదివి వినిపించితిని. చదువు వేఱు, బుద్ధి వేఱు.

మన ధర్మశాస్త్రకారులు ఈ విషయమున ఎంత తెలిసినవారో చూడుడు. యాజ్ఞవల్క్యస్మృతి, కొన్న వస్తువును పరీక్షించి చూచుకొనుటకు గడువులు విధించెను: విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒకటి, బరువు లాగు పశువునకు అయిదు, రత్నములకు ఏడు, పాడిపశువునకు మూడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను మన కేతన తెనుగు పద్యములలోనికి తెచ్చెను గనుక, ఇది తెనుగువారికి క్రొత్తది కాదు. కౌటిల్యుడును, కొన్న బేరము త్రిప్పుకొనుటకు వర్తకులకు ఒకరాత్రి, కర్షకులకు మూడురాత్రులు, గోరక్షకులకు అయిదురాత్రులు గడువిచ్చెను. జీపు ఇనుమా, లేక లాగెడి పశువా యని శాస్త్రవాదము పెట్టుకొన్నచో మాత్రము తెగదు. ఏదైనను, ఈ గడువులన్నియు వస్తువు కొన్నవాని యింటికి వచ్చిన పిమ్మట లెక్కింపబడునవి. అమ్మినవాడు ఊరిలోనో పొరుగూరిలోనో దొరకువాడు. సముద్రముల కావలి సంస్థ నెవ్వరు పట్టి తేగలరు?

ఇక మీకు సంతోషము కలిగించు మాట యొకటి. ఈ జీపుల వ్యవహారమును విచారించిన సంఘమునకు పెద్దగా నున్నవారు మన తిరుచానూరున పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆయన 1912లో గణితోపాధ్యాయుడుగా జీవనము ప్రారంభించి, పిమ్మట న్యాయవాదియైనవారు. లెక్క నేర్పినవాని చేతికి ఈ లెక్క వచ్చుట నాకు ఉచితముగా తోచును. ఆయన 1952లో తిరుపతినుండి, 1957లో మన చిత్తూరునుండి లోకసభకు పోయిరి. 1956లో ఆ సభకు అధ్యక్షులును అయిరి.

వారి సంఘము విషయమును ఇంకను విచారింపవలెనని సూచించెను. కాని 1955 సెప్టెంబరు 30వ తేదిని, హోంమంత్రి గోవిందవల్లభ పంతుగారు, ప్రభుత్వమువఱకు ఈ విషయము ముగిసినదని ప్రకటించిరి. ప్రతిపక్షమువారికి తృప్తి లేనిచో ఎన్నికలలో ప్రజల ముందు పెట్టుకొనవచ్చుననిరి. 1956 ఫిబ్రవరిలో మేనోనుగారు కేంద్రమంత్రులైరి, 1957లో రక్షణమంత్రులైరి, 1962లో చైనాయుద్ధకాలమున ఆ పదవిని వదలిరి. ఆయన ఆ జీపులలో తనకై కాసు తీసికొనెనని ఏ న్యాయస్థానమును తేల్చలేదు. నా తీర్పు అడిగినచో, దొంగతనము కంటె తొందర ఎక్కువ, తొందర కంటె "నాకు తెలియును" అను ధీమా ఎక్కువ, అని చెప్పెదను. ఆ ధీమా రుచి నే నెఱుగుదును.

ఇంతలో బొంబాయిలో మహీంద్రా సోదరుల సంస్థ విల్లీసు జీపుల భాగములను తెప్పించి యిచ్చటనే కూర్చుట కారంభించెను. క్రమముగా జీపు స్వదేశి యయ్యెను. తరువాతి దశాబ్దులలో మన కొండదారులలో పదునైదుగురిని ఎక్కించుకొని పోయినవి, ఎన్నికలప్పుడు మైకు కట్టుకొని తిరిగినవి ఆ వంశపువే.

నిరుడు ఆ పెద్దరైతు మనుమడు మాయింటికి వచ్చెను. పాత విల్లీసు బండి నొకదానిని తమిళదేశపు కొండయూర నొకరు అమ్ముచున్నారట. సెల్‌ఫోనులో బొమ్మలు చూపెను. ఎదుటినుండి అయిదు, ప్రక్కలనుండి నాలుగు, క్రొత్తసీట్లవి రెండు.

"క్రిందిభాగపు బొమ్మ యేదిరా?" అంటిని.

"పంపిస్తామన్నారు అయివారూ. ఈలోగా అడ్వాన్సు కట్టమంటున్నారు. సర్టిఫికెట్టు కూడా ఉంది, చదువుతారా?"

నేను చదువలేదు. మెకానిక్కు నొకనిని వెంట తీసికొని, మఱునాటి తెల్లవారుజామున బస్సెక్కి మువ్వురమును పోయితిమి. ఆ కొండయూరు చేరునప్పటికి ప్రొద్దువాలెను. బండి కొట్టములో నుండెను, రంగు నిగనిగలాడుచుండెను. మెకానిక్కు టార్చిలైటు పట్టుకొని క్రిందికి దూఱెను. నేనును ఉత్తరీయమును నేలపై పఱచి, అఱువదిమూడేండ్ల వయస్సున, ఆతని ప్రక్కన వెల్లకిల పరుండి పైకి చూచితిని.

షాఫ్టు ఉన్నది.