2003లో గ్రహణం ఏ రోజున పట్టింది?

2024 మే 20న జపాన్‌లోని కోబేలో ఒక తెలుగు అమ్మాయి 400 మీటర్ల దూరాన్ని 55.07 సెకన్లలో పరుగెత్తింది. టీ20 విభాగంలో, అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవారి పరుగులో, అది అప్పటికి ప్రపంచ రికార్డు. అంతకుముందు రికార్డు అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్‌ది, 55.12 సెకన్లు. ఈ అమ్మాయి పేరు జీవాంజి దీప్తి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ ఆమె ఊరు. తల్లిదండ్రులు కూలీలు.

సూర్యగ్రహణం వేళ పుట్టిందని తల్లి పత్రికలవారితో చెప్పింది. పుట్టినప్పుడు తల చిన్నది, పెదవి, ముక్కు కొంచెం వేరుగా ఉన్నాయి. ఊళ్ళో కొందరు పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చారు. ఆ తల్లిదండ్రులు వదల్లేదు.

దీప్తి పుట్టింది 2003 సెప్టెంబర్ 27న. ఆ ఏడాది సూర్యగ్రహణాలు రెండే. మే 31న పట్టినది ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ వైపు వలయాకారంగా కనిపించింది. నవంబర్ 23 నాటి సంపూర్ణ గ్రహణం అంటార్కిటికాలో కనిపించింది. సెప్టెంబర్‌లో గ్రహణమే లేదు! పంచాంగాన్ని నమ్మేవాళ్ళయినా ఒకసారి పంచాంగం తిప్పి చూడవచ్చు కదా? తప్పు తల్లిది కాదు. బిడ్డలో ఏ తేడా కనిపించినా మన సమాజం ఆమె చేతికి ఇచ్చే కారణం ఇదొక్కటే. చీలిన పెదవికి మన భాష పెట్టిన పేరే 'గ్రహణం మొర్రి'.

నేనుండే సూరత్ ఉధ్నాలో సాంచాల మీద బతికే తెలుగువాళ్ళలో వరంగల్ వైపు నుంచి వచ్చినవారు చాలామంది. పొట్ట చేతబట్టుకుని ఇంత దూరం వచ్చినా ఈ భయాన్ని వెంట తెచ్చుకున్నారు. 2022 అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు, సూర్యగ్రహణం పట్టినప్పుడు మా వీధిలో గర్భిణులను తలుపులు వేసి కూర్చోబెట్టారు. కత్తిపీట ముట్టనివ్వలేదు. బిడ్డ ఎలా పుట్టినా రేపు నింద తల్లి మీదకే వస్తుంది.

దీప్తి దారి మార్చింది పరీక్ష. కోచ్ నాగపురి రమేష్ ఆమెను హైదరాబాద్ తీసుకొచ్చారు. పుల్లెల గోపీచంద్ సూచనతో సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో పరీక్షలు చేయించారు. ఊరు పెట్టిన వెక్కిరింపు పేరు పోయి, కొలిచి చెప్పగల ఒక వర్గీకరణ వచ్చింది. ఆ కొలత ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో వైకల్యం లేని ఆటగాళ్ళతో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. మోసం బయటపడ్డాక ఈ విభాగాన్నే ఆపేశారు. పరీక్షలు కట్టుదిట్టం చేశాకే 2012 లండన్‌లో మళ్ళీ పెట్టారు.

2023 అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో దీప్తి 56.69 సెకన్లతో స్వర్ణం గెలిచింది. కోబే రికార్డును 2024 సెప్టెంబర్‌లో పారిస్‌లో తుర్కియే అమ్మాయి ఐసెల్ ఓండెర్ 54.96తో దాటేసింది. అక్కడే దీప్తి 55.82తో కాంస్యం తెచ్చుకుంది.

రికార్డును మరొకరు దాటగలరు, ఎందుకంటే దాన్ని కొలవవచ్చు. గ్రహణం కథను ఎవరూ కొలవలేదు, అందుకే ఇన్ని తరాలు బతికింది. మీ ఇంట్లో ఎవరైనా 'గ్రహణం వల్ల' అంటే వాదనకు దిగకండి. పుట్టిన తేదీ అడగండి, ఆ ఏటి గ్రహణాల పట్టిక పక్కన పెట్టండి, చాలు.