లేక్‌సైడ్ స్కూలు: డే స్కూలు చరిత్రలో తల్లుల వాటా

మాల్కం గ్లాడ్‌వెల్ ‘అవుట్‌లయర్స్’ (2008) వచ్చినప్పటి నుంచి సియాటిల్‌లోని లేక్‌సైడ్ స్కూలు ప్రస్తావన వస్తే చాలు, చర్చ నైపుణ్యానికి పదివేల గంటల సాధన కావాలన్న ఆయన వాదన మీదికే మళ్లుతోంది. 1968లో ఆ బడికి టెలిటైప్ యంత్రం రావడం, అప్పుడు బిల్ గేట్స్ అక్కడ ఎనిమిదో తరగతిలో ఉండటం గ్లాడ్‌వెల్ దృష్టిలో అరుదైన అవకాశం, అదృష్టం. డబ్బు సమకూర్చిన మదర్స్ క్లబ్‌ను ఆయన పేర్కొన్నాడు గానీ అక్కడ నిలవలేదు. నా అభ్యంతరమంతా అక్కడే. అదృష్టం అని తేల్చేశాక ఆ డబ్బు ఎవరి కష్టమో అడిగేవాళ్లుండరు.

లేక్‌సైడ్ కాలేజీ చదువులకు సిద్ధం చేసే బడి. అలాంటి బడులు అమెరికాలో చాలానే ఉన్నాయి. లేక్‌సైడ్ స్వభావాన్ని తీర్చిదిద్దింది డే స్కూలు కావడమేనని నా ప్రతిపాదన. 1919లో ఫ్రాంక్ మోరన్ దీన్ని మగపిల్లల డే స్కూలుగానే పెట్టాడు. 1930లో హాలర్ లేక్ ప్రాంతానికి మారింది. నడుమ హాస్టల్ కూడా నడిచింది, 1960లలో మూతపడింది. పిల్లవాడు సాయంత్రానికి ఇల్లు చేరితే బడి సంగతులు ఇంటికొస్తాయి. తల్లికి బడిలో ఏం కొరవడిందో తెలుస్తుంది. మదర్స్ క్లబ్ బలం ఈ రాకపోకల్లోనే ఉంది. ఆ తల్లులు ఇళ్లలోని పాత సామాన్లు పోగేసి, ధరలు కట్టి అమ్మారు. వచ్చిన సొమ్ముతో టెలిటైప్, దూరాన ఉన్న జనరల్ ఎలక్ట్రిక్ కంప్యూటర్‌పై కొంత సమయం సమకూరాయి. సమయానికి గంటల లెక్కన అద్దె కట్టాలి. కుర్రాళ్లు దాన్ని చూస్తుండగానే ఖర్చు పెట్టేశారు. లెక్కల మాస్టర్లు బిల్ డగల్, ఫ్రెడ్ రైట్ వాళ్లను అడ్డుకోలేదు. కొద్దికాలంలోనే గేట్స్, పాల్ ఆలెన్, కెంట్ ఎవాన్స్, రిక్ వైలాండ్ ప్రోగ్రామింగ్‌లో గురువులను మించిపోయారు.

గ్లాడ్‌వెల్ లెక్కకు అందని విషయం మరొకటుంది. ఆడవాళ్ల శ్రమతో వచ్చిన యంత్రం ముందు మొదటి మూడేళ్లూ ఆ బడిలో కూర్చున్నది మగపిల్లలే. 1971లో సెయింట్ నికొలస్ బాలికల పాఠశాల లేక్‌సైడ్‌లో విలీనమైంది. రెండు బడుల పిల్లలకు కలిపి టైమ్‌టేబుల్ వేయడం పెద్ద చిక్కైంది. దాన్ని కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో వేసే పని గేట్స్, ఎవాన్స్‌ల చేతికి వచ్చింది. 1972లో ఎవాన్స్ పర్వతారోహణ ప్రమాదంలో మరణించగా గేట్స్, ఆలెన్‌తో కలిసి దాన్ని పూర్తి చేశాడు. ఆ కుర్రాళ్లు బడి కోసం చేసిన అసలైన పెద్ద పని అమ్మాయిల రాకతోనే పుట్టిందన్నమాట.

ఇవి సంపన్న కుటుంబాలన్న వాదన నిజమే, అయితే డబ్బున్న బడులన్నీ 1968లో కంప్యూటర్ తెచ్చుకోలేదు. లేక్‌సైడ్ లేకుంటే మైక్రోసాఫ్ట్ ఉండేది కాదని 2005లో గేట్స్ ఆ బడిలోనే అన్నాడు. ఆ మాటను మదర్స్ క్లబ్ వరకూ పొడిగించాలి. ఫీజు కట్టి గేటు బయటే ఆగిపోయే తల్లిదండ్రులున్న మన రెసిడెన్షియల్ కాలేజీల నుంచి ర్యాంకులు వస్తాయి, లేక్‌సైడ్ టెలిటైప్ గది లాంటిది మాత్రం రాదు. డే స్కూళ్ల చరిత్రకు ఇకనైనా పూర్వ విద్యార్థుల జాబితాలు పక్కనపెట్టి తల్లుల సంఘాల జమాఖర్చు పుస్తకాలు తెరవాలి.