వేషము ఎవరి సొత్తు?

ఒక చిత్రకథ జనులకు నచ్చును. దానికి రెండవ భాగము, మూడవ భాగము వచ్చును. పేరు అదియే, కథ అదియే. కాని నాయకుని వేషములో మాత్రము క్రొత్త మనిషి కనిపించును. "వెనుకటివాడే బాగుండెను" అని ప్రేక్షకులలో కొందరు పెదవి విరుతురు. ఇట్టి మార్పు ఏల జరుగుచున్నది? పారితోషికము వద్ద పేచీ వచ్చినదనియో, వయసు మీరినదనియో చెప్పి ఊరకుండుట సులభము. తెలుగువారి రంగస్థల చరిత్రను, చలనచిత్ర చరిత్రను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో దీని వెనుక మరింత పెద్ద ప్రశ్న కలదని తెలియును. వేషము ఎవరి సొత్తు? కట్టినవానిదా, కట్టించినవారిదా, చూచినవారిదా?

హైదరాబాదులో మెహదీపట్నము చేరువనున్న గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు నుండి బంతి, చామంతి, గులాబీలు నగరపు నలుమూలలకు పోవుచుండును. పూలకు భేదము లేదు. గుడిలోని మూర్తికి దండలగును. క్రొత్త చిత్రము విడుదలైన నాడు సినిమాహాలు ముందు నిలిపిన కటౌటుకును దండలగును. గుడిలో అర్చకులు తరతరములుగా మారుచుందురు, మూర్తి మారదు. కనుక ఆ దండ ఎవరికన్న సందేహము లేదు. సినిమాహాలు ముందు వేసిన దండ కృష్ణునికా, కృష్ణుని వేషము కట్టిన నటునికా? మనము విచారింపవలసినది ఈ భేదమునే.

పౌరాణిక నాటకములు జోరుగా నడచిన కాలములో మన పల్లెలకు ఈ సందేహము లేకుండెను. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను కాంట్రాక్టు పద్ధతిపై ఆడించునపుడు, పేరుగల నటులను ఒక్కొక్క ఊరి నుండి విడివిడిగా పిలిపించుట పరిపాటి. పడక సీనులో ఒక కృష్ణుడు, రాయబారములో మరియొక కృష్ణుడు, యుద్ధరంగములో వేరొక కృష్ణుడు వచ్చుచుండిరి. అట్లే హరిశ్చంద్ర నాటకములో కాటిసీనుకు వేరే హరిశ్చంద్రుడు వచ్చుచుండెను. ఒకే రాత్రిలో ముఖము మారినది, కంఠము మారినది, ఎత్తు కూడ మారినది. అయినను "ఈతడు కృష్ణుడు కాడు" అని లేచిపోయినవారు లేరు. "ఈ కృష్ణుడు ఆ పద్యమును ఎట్లు ఎత్తునో చూతము" అని తెల్లవారువరకు కూర్చుండిరి. నటుని మార్పు లోపము కాదు, అదియొక ఆకర్షణ. కథ అందరికి తెలిసినదే. వేషము సమాజమంతటి ఉమ్మడి ఆస్తి.

సురభివారి పద్ధతి మరియొకటి. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో మొదలైన ఆ కుటుంబ నాటక సంప్రదాయములో వేషము ఇంటి ఆస్తివలె తండ్రి నుండి కుమారునికి, తల్లి నుండి కుమార్తెకు సంక్రమించును. బాలకృష్ణునిగా రంగమెక్కిన పిల్లవాడు పెరిగి పెద్ద కృష్ణుడగును. ఆ పిమ్మట ఆ కిరీటమును తన పిల్లల శిరస్సున ఉంచును. వయసు మీరుట అచ్చట వివాదమునకు కారణము కాదు, వారసత్వమునకు దారి.

చలనచిత్రము వచ్చిన తొలినాళ్లలోను ఈ బుద్ధియే నడచినది. 1936లో ద్రౌపదీ వస్త్రాపహరణ కథను రెండు సంస్థలు పోటీపడి తీసినవి. ఒక చిత్రములో సి. ఎస్. ఆర్. ఆంజనేయులు కృష్ణుడు, రెండవదానిలో బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. ఇద్దరును రంగస్థలము నుండి వచ్చినవారే. లవకుశ కథలో 1934లో పారుపల్లి సుబ్బారావు రాముడు. 1963లో రంగుల చిత్రమునకు నందమూరి తారక రామారావు రాముడు. అదే కథ 2011లో బాపు దర్శకత్వమున శ్రీరామరాజ్యముగా వచ్చినపుడు రామారావు కుమారుడు బాలకృష్ణ రాముడు. సురభివారి ఇంటి పద్ధతి తెరమీదికి వచ్చినదన్నమాట.

అయితే నాటకమునకు లేని ఆయుధము ఒకటి చలనచిత్రమునకు కలదు. అది ముఖమును దగ్గరగా చూపు క్లోజప్. పందిరి చివర కూర్చున్నవానికి కృష్ణుడనగా కిరీటము, పింఛము, పద్యము. సినిమాహాలులో కూర్చున్నవానికి కృష్ణుడనగా రెండు కన్నులు, ఒక చిరునవ్వు. 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వమున విజయా వారి మాయాబజార్ వెలువడిన పిదప ఆ కన్నులు, ఆ చిరునవ్వు రామారావువి అయినవి. ఆ వేషములోని ఆయన పటములు ఇండ్ల గోడలకెక్కినవి. వేషము మనిషికి అతుకుకొనినది.

దాని ఫలితమును అనుభవించినవారిలో కాంతారావు ఒకరు. కోదాడ చేరువ గుడిబండలో 1923లో జన్మించిన ఈ నటుడు రామారావుకు ఏడాదీడువాడే. 1963లో కమలాకర కామేశ్వరరావు నర్తనశాల తీసినపుడు రామారావు అర్జునుడై బృహన్నల వేషము ధరించెను. కనుక కృష్ణ వేషము కాంతారావునకు వచ్చెను. 1965 నాటి పాండవ వనవాసములోను అంతే. రామారావు భీముడు, కాంతారావు కృష్ణుడు. ఆయన కృష్ణునిలో హుందాతనము కలదు, వాచికము కలదు. అయినను ప్రధాన నటుడు వేరొక వేషమునకు పోయినపుడే ఆ కిరీటము ఆయనకు దక్కెను. జనులు ఆయనను కత్తి కాంతారావుగా జానపద చిత్రములలో ఆదరించిరి. కృష్ణుడనగానే తలచుకొన్న ముఖము మాత్రము వేరు. 2009లో ఆయన కన్నుమూసెను. ప్రతిభకు కొరత లేకున్నను మరియొకరి నీడలో నిలువవలసిన నటుని గతి ఇది.

1977 సంక్రాంతి ఈ కథలో మరువరాని పండుగ. జనవరి 14వ తేదీన ఒకేనాడు రెండు భారత చిత్రములు విడుదలైనవి. దానవీరశూరకర్ణలో రామారావు కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు తానే. కామేశ్వరరావు తీసిన కురుక్షేత్రములో నటుడు కృష్ణ అర్జునుడు, కృష్ణంరాజు కర్ణుడు, శోభన్‌బాబు కృష్ణుడు. శోభన్‌బాబు ఆ వేషమునకు క్రొత్తవాడు కాడు; 1969లో బుద్ధిమంతుడులో కృష్ణుడై మెప్పించినవాడే. 1936 నాటివలెనే తెలుగునేలపై మరల ఇద్దరు కృష్ణులు పోటీపడిరి. ఈమారు మాత్రము పోటీ పద్యములకు గాక ముఖములకు జరిగెను, గెలుపు రామారావుదయ్యెను. రెండేండ్లకు, 1979లో, నర్తనశాల కథనే శ్రీమద్విరాటపర్వముగా తీసినపుడు కృష్ణ, అర్జున, దుర్యోధన, కీచక పాత్రలన్నిటిని ఆయనయే ధరించెను. ఒక వేషమునకు ముగ్గురు నటులున్న పల్లె పందిరి నుండి, ఒక నటునికి నాలుగు వేషములున్న తెర వరకు మనము ప్రయాణించితిమి.

పాశ్చాత్యులు ఈ చిక్కును వేరు విధముగా విడదీసిరి. జేమ్స్ బాండ్ అను గూఢచారి చిత్రములు 1962లో షాన్ కానరీతో మొదలైనవి. ఐదు చిత్రముల పిదప ఆయన ఆ వేషముతో విసిగి తప్పుకొనెను. 1969లో వచ్చిన జార్జ్ లేజన్‌బీ ఒక్క చిత్రముతో వెడలిపోగా, 1971లో కానరీని మరల పిలువవలసివచ్చెను. 1973లో వచ్చిన రోజర్ మూర్ 1985లో చివరి చిత్రము విడుదలగు నాటికి 57 ఏండ్లవాడు; వయసే ఆయనను దింపెను. తిమొతీ డాల్టన్ రెండు చిత్రములలో నటించిన పిదప వ్యాజ్యములతో చిత్రములే నిలిచిపోయి, 1995లో పియర్స్ బ్రాస్నన్‌తో తిరిగి మొదలయ్యెను. 2006 నుండి 2021 వరకు డేనియల్ క్రెయిగ్. మొత్తము 25 చిత్రములు, ఆరుగురు నటులు. విసుగు, వయసు, వ్యాజ్యము - లోకములో నటుని మార్పునకు చెప్పు కారణములన్నియు ఈ ఒక్క వరుసలోనే కానవచ్చును. మారని వస్తువులను కూడ గమనింపవలెను: 007 అను సంఖ్య, ఆ సంగీతము, పేరు చెప్పుకొను తీరు. అవి అక్కడి కిరీటము, పింఛము. వేషమును సంస్థ తన సొత్తుగా భద్రపరచుకొనెను; నటులు అద్దెకున్నవారు.

ధ్వనినాటకములతో పనిచేయు మాకు ఇందులో ఒక సంగతి సుపరిచితము. రేడియోలో పాత్రకు ముఖము లేదు, కంఠమే శరీరము. ధారావాహికలో ఒక పాత్రకు కంఠము మారినచో శ్రోత చప్పున పసికట్టును. అయినను మాటతీరు, ఊతపదము, మనసు పోకడ చెడకున్నచో కొద్దిరోజులలో అలవాటుపడును. పాత్ర స్వభావము తప్పినచో పాత కంఠమునైనను ఒల్లడు. అనగా శ్రోత పట్టుకొని వ్రేలాడునది నటుని కాదు, పాత్రలోని నిలుకడను.

తెలుగు చిత్రసీమయు ఇటీవల ఈ త్రోవ త్రొక్కినది. శైలేష్ కొలను దర్శకత్వమున 2020లో వెలువడిన హిట్ అను నేరపరిశోధన చిత్రములో విశ్వక్ సేన్ నాయకుడు. 2022 నాటి రెండవదానిలో అడివి శేష్. 2025 నాటి మూడవదానిలో నాని. ఇచ్చట నటుడు మాత్రమే గాక అధికారి పాత్రయు మారినది. నిలిచినది హంతకులను వెదకు ఆ పోలీసు విభాగము. రెండవ చిత్రము చివరనే మూడవ నాయకుడు దర్శనమిచ్చెను. పాత ముఖముతో పోల్చి క్రొత్తవానిని నిందించు అవకాశమే లేకుండ చేసిన ఏర్పాటు ఇది. కాంతారావునకు కలిగిన కష్టము ఇచ్చట ఎవరికిని కలుగదు. అయితే ఒక నష్టమును కలదు. ఒకే వేషమును ఇద్దరు ఎట్లు ధరించిరో సరిచూచి ఆనందించు రుచి, కాంట్రాక్టు నాటకము మనకు నేర్పిన ఆ రుచి, ఇందులో దొరకదు.

కావున నటుని ఏల మార్చితిరి అను ప్రశ్నకు జవాబు పారితోషికపు లెక్కలలో సగమే దొరకును. మిగిలిన సగము ప్రేక్షకుని వద్ద ఉన్నది. అతడు మనిషిని కొలిచినచో, ఆ మనిషితోనే కథ ముగియును. వేషమును గౌరవించినచో, కథ నూరేండ్లు నడచును. క్రొత్త నటునికి చోటు దొరకును, పాత నటునికి విశ్రాంతి దొరకును. మన తాతలు ఒకే రాత్రిలో ముగ్గురు కృష్ణులకు చోటిచ్చిరి. ఇకమీద తెరపై పరిచితమైన వేషములో అపరిచితమైన ముఖము కనిపించినపుడు, ఎవరు లేరని చింతించుటకు ముందు, వచ్చినవాడు పద్యమును ఎట్లు ఎత్తునో విందము.